తర్వాతి టెస్టు ఎక్కడ? తప్పు జరిగితే ఎవరికి నష్టమో అక్కడ

2024 అక్టోబరు 16న రైల్వే బోర్డు ఒక ఉత్తర్వు ఇచ్చింది. రైలు టికెట్లను ముందుగా బుక్ చేసుకునే గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గిస్తున్నామని, ఆ 60 రోజుల్లో ప్రయాణ తేదీని కలపకూడదని, నవంబరు 1 నుంచి ఇది అమల్లోకి వస్తుందని దాని సారాంశం. వార్తగా చూస్తే ఇది రెండు వాక్యాల విషయం. ప్రోగ్రామర్ కంటికి కూడా మొదట కనిపించేది ఒక్క అంకె మార్పే. 120 తీసేసి 60 పెట్టాలి, అంతే.

ఉత్తర్వును చివరిదాకా చదివితే మాత్రం ఆ అంకె చుట్టూ నాలుగు మెలికలు కనిపిస్తాయి. అక్టోబరు 31 వరకు పాత లెక్క ప్రకారం బుక్ చేసుకున్న టికెట్లు చెల్లుతాయి. అలా 60 రోజులకు మించి ముందుగా తీసుకున్న టికెట్లను రద్దు చేసుకునే వీలు ఉండాలి. తాజ్ ఎక్స్‌ప్రెస్, గోమతి ఎక్స్‌ప్రెస్ వంటి కొన్ని పగటి రైళ్లకు ముందునుంచీ ఉన్న తక్కువ గడువు మారదు. విదేశీ పర్యాటకులకున్న 365 రోజుల గడువు కూడా మారదు.

దేశంలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది ఢిల్లీలోనే. 1985లో ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ రూపొందించిన వ్యవస్థను అక్కడ ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. 1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, ఢిల్లీలోని చాణక్యపురి నుంచి పనిచేస్తోంది. ఆ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో సికింద్రాబాద్‌లో మొదట అమలైంది. 2002లో ఐఆర్‌సీటీసీ ద్వారా ఇంటర్నెట్ టికెట్లు వచ్చాయి. అంటే నాలుగు దశాబ్దాలుగా నిబంధన మీద నిబంధన పేరుకుంటూ వచ్చిన వ్యవస్థ ఇది. ఇలాంటి చోట ఒక అంకె మార్చడం పాత ఇంట్లో ఒక గోడకు మేకు కొట్టడం లాంటిది. లోపల ఏ వైరు ఎక్కడినుంచి పోతోందో చూసుకోవాలి.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. ఇలాంటి మార్పు చేయాల్సిన బృందానికి రెండు వారాల గడువు ఉంది. ఇప్పటికే వేల టెస్టులు ఉన్నాయి. ఇంకో ఇరవై కొత్త టెస్టులు రాసే తీరిక మాత్రమే ఉంది. ఆ ఇరవై ఎక్కడ రాయాలి?

నోయిడా, గురుగ్రామ్‌లలోని ప్రైవేటు కంపెనీలైనా, లోధీ రోడ్డులోని ప్రభుత్వ కార్యాలయాలైనా, ఈ ప్రశ్నకు ఎక్కువగా దొరికే జవాబు ఒకటే: ఇంతవరకు ఏ టెస్టూ తాకని కోడ్‌ను వెతికి అక్కడ రాయండి అని. ఈ జవాబు సులువైనది, కొలవడానికి వీలైనది. కానీ అది మనల్ని తరచూ అవసరం లేని చోటికి తీసుకుపోతుంది. కొత్త టెస్టుకు మొదటి చోటు, తప్పు జవాబు వస్తే దాన్ని సరిదిద్దుకునే శక్తి లేని మనిషికి నష్టం జరిగే చోటు. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే రావాలి.

అన్నీ పరీక్షించలేం కాబట్టే

సాఫ్ట్‌వేర్ టెస్టు అంటే జవాబు ముందే తెలిసిన ఒక ప్రశ్న. ఈ రోజు నవంబరు 1 అయితే డిసెంబరు 31న బయలుదేరే రైలుకు టికెట్ ఇస్తావా అని ప్రోగ్రామ్‌ను అడుగుతాం. నవంబరులో మిగిలినవి 29 రోజులు, డిసెంబరులో 31 రోజులు, మొత్తం 60. కాబట్టి ఇవ్వాలి. జనవరి 1కి అడిగితే ఇవ్వకూడదు. ప్రోగ్రామ్ జవాబు మన జవాబుతో సరిపోతే టెస్టు పాస్, లేకపోతే ఫెయిల్. ఇలాంటి ప్రశ్నలను వేల సంఖ్యలో రాసిపెట్టి, కోడ్ మారిన ప్రతిసారీ యంత్రం చేతనే అడిగిస్తారు.

మరి సాధ్యమైన ప్రశ్నలన్నీ అడిగేస్తే పోదా? 32 బిట్ల సంఖ్యలు రెండింటిని కూడే చిన్న ప్రోగ్రామ్‌ను తీసుకోండి. ఇవ్వగల జతలు 2కు 64వ ఘాతం, అంటే 18 తర్వాత 18 సున్నాలున్న సంఖ్య కంటే ఎక్కువ. సెకనుకు వంద కోట్ల జతలు పరీక్షించినా పూర్తికావడానికి 580 ఏళ్లు దాటుతుంది. ఇది కేవలం కూడిక. రిజర్వేషన్‌లో తేదీ, రైలు, తరగతి, కోటా, వయసు, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్, వెయిటింగ్ లిస్టు స్థితి ఒకదానితో ఒకటి కలిసి కొత్త పరిస్థితులను పుట్టిస్తూనే ఉంటాయి.

అందుకే టెస్టింగ్ ఎప్పుడూ నమూనా సేకరణే. రక్తమంతా తీసి పరీక్షించరు, చెరువు నీళ్లన్నీ ప్రయోగశాలకు తీసుకెళ్లరు. ఎక్కడినుంచి నమూనా తీసుకున్నాం అన్నదాని మీదే ఫలితానికి విలువ. ఢిల్లీలో గాలి నాణ్యతను కొలిచే కేంద్రాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఇంకొకటి పెట్టాలంటే మ్యాప్‌లో ఖాళీగా కనిపించిన చోట పెట్టవచ్చు. లేదా జనం ఎక్కువగా ఉండి, పొగ ఎక్కువగా చేరి, పసిపిల్లలు, వృద్ధులు పీల్చే చోట పెట్టవచ్చు. మొదటిది మ్యాప్‌ను నింపుతుంది. రెండోది ఊపిరితిత్తుల గురించి ఏదైనా చెబుతుంది.

శాతం చెప్పేది, చెప్పనిది

సాఫ్ట్‌వేర్‌లో ఆ మ్యాప్‌కు కవరేజ్ అని పేరు. టెస్టులన్నీ నడిపినప్పుడు కోడ్‌లోని ఎన్ని పంక్తులు కనీసం ఒక్కసారైనా అమలయ్యాయో చెప్పే శాతం అది. 80 శాతం ఉండాలి, 90 శాతం ఉండాలి అని లక్ష్యాలు పెడతారు. నివేదికలో పచ్చరంగు గీత పెరుగుతుంటే పై అధికారికి సంతోషం, బృందానికి ఊరట.

కవరేజ్ పనికిరానిదని చెప్పడం లేదు. అసలు ఎవరూ అడుగుపెట్టని గదులు ఏవో అది చూపిస్తుంది. కానీ గదిలోకి వెళ్లడం వేరు, గదిలో ఏముందో చూడటం వేరు. ఒక టెస్టు రీఫండ్ లెక్కకట్టే కోడ్‌ను మొత్తం నడిపి, వచ్చిన మొత్తం సరైనదా కాదా అని అడగకుండానే ముగియవచ్చు. కవరేజ్ లెక్కలో ఆ కోడ్ నూటికి నూరు శాతం పరీక్షించినట్టే. రీఫండ్ వంద రూపాయలు తక్కువ వచ్చినా గీత పచ్చగానే ఉంటుంది.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన లారా ఇనోజెమ్ట్‌సేవా, రీడ్ హోమ్స్ 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ అనుమానాన్ని కొలిచి చూసింది. ఐదు పెద్ద జావా ప్రోగ్రామ్‌ల కోసం దాదాపు 31 వేల టెస్టు సముదాయాలను తయారుచేసి, వాటి కవరేజ్‌ను, తప్పులు పట్టుకునే సామర్థ్యాన్ని పోల్చారు. టెస్టుల సంఖ్యను స్థిరంగా ఉంచి చూస్తే కవరేజ్‌కూ, తప్పులు పట్టే శక్తికీ మధ్య సంబంధం తక్కువ నుంచి మధ్యస్థంగా మాత్రమే కనిపించింది. కవరేజ్‌ను లోపం ఎక్కడుందో చూపే సాధనంగా వాడుకోవచ్చుగానీ నాణ్యతకు లక్ష్యంగా పెట్టుకోకూడదన్నది వాళ్లు చేరిన నిర్ణయం.

లక్ష్యంగా పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. సులువుగా టెస్టు రాయగలిగే కోడ్‌కే టెస్టులు వస్తాయి. పేరును తెరమీద చూపే కోడ్‌కు పది టెస్టులుంటాయి. అర్ధరాత్రి దాటాక తత్కాల్ రద్దయితే ఏం జరగాలో చెప్పే కోడ్‌కు ఒక్కటీ ఉండదు. ఎందుకంటే రెండోదానికి టెస్టు రాయాలంటే ముందు నిబంధన అర్థం చేసుకోవాలి, దాన్ని రాసిన అధికారిని వెతికి పట్టుకుని అడగాలి.

టెస్టు ఉన్నా తప్పించుకున్న తప్పు

టెస్టు ఉండటం, సరైన చోట ఉండటం వేర్వేరు అని ఢిల్లీ విమానాశ్రయం 2024 జులై 19న కళ్లారా చూసింది. ఆ ఉదయం భారత కాలమానం ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ ఒక అప్‌డేట్ పంపింది. దాన్ని అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపి ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా దెబ్బతిన్నవి 85 లక్షల కంప్యూటర్లు. ఢిల్లీ విమానాశ్రయంలో సిబ్బంది తెల్లబోర్డు మీద విమానాల వేళలు రాశారు. హైదరాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఫొటో సామాజిక మాధ్యమాల్లో చుట్టి వచ్చింది.

ఆ సంస్థ తర్వాత ప్రచురించిన మూలకారణాల నివేదిక టెస్టింగ్ విద్యార్థులందరూ చదవదగినది. ఒక భాగం 21 విలువలు వస్తాయని అనుకుంది. వాటిని అందించే భాగం 20 మాత్రమే ఇచ్చింది. లేని ఇరవై ఒకటో విలువను చదవబోయి ప్రోగ్రామ్ తనది కాని మెమరీలోకి అడుగుపెట్టి కూలిపోయింది. మరి టెస్టులు లేవా? ఉన్నాయి. కానీ ఆ టెస్టులన్నింటిలో ఇరవై ఒకటో గడిలో ఏదున్నా ఫర్వాలేదు అనే గుర్తు పెట్టారు. కాబట్టి ఆ గడిని ప్రోగ్రామ్ నిజంగా చదవాల్సిన అవసరమే రాలేదు. జులై 19న మొదటిసారి ఆ గడిలో ఏముందో చూడమని అడిగిన అప్‌డేట్ నేరుగా ప్రపంచంలోకి వెళ్లింది.

ఇక్కడ ఇంకో వంద టెస్టులు రాసి ఉన్నా, అవన్నీ మొదటి 20 గడుల మీదే అయితే ఫలితం మారేది కాదు. కావలసింది ఒక్క టెస్టు. రెండు భాగాలు కలిసే చోట, ఇచ్చేవాడి లెక్కా పుచ్చుకునేవాడి లెక్కా ఒకటేనా అని అడిగే టెస్టు.

చోటు వెతికే మూడు గుర్తులు

అలాంటి చోట్లను ముందే గుర్తుపట్టడానికి యాభై ఏళ్ల సాఫ్ట్‌వేర్ పరిశోధన కొన్ని నమ్మకమైన గుర్తులు ఇచ్చింది.

మొదటిది, మారిన చోటు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నాచియప్పన్ నాగప్పన్, థామస్ బాల్ 2005లో విండోస్ సర్వర్ 2003 కోడ్‌ను పరిశీలించారు. ఒక భాగంలో దాని పరిమాణంతో పోలిస్తే ఎంత కోడ్ మారింది అన్నది ఆ భాగంలో లోపాలు ఎంత దట్టంగా ఉంటాయో చెప్పడానికి మంచి సూచిక అని తేల్చారు. పదేళ్లుగా ఎవరూ ముట్టుకోకుండా నడుస్తున్న కోడ్‌కు టెస్టులు లేవని బాధపడే ముందు, గత నెలలో పదిసార్లు మారిన కోడ్‌ను చూడటం మంచిది.

అయితే మార్పు అంటే కోడ్ మార్పు ఒక్కటే కాదు. 1996 జూన్ 4న ఐరోపా రాకెట్ ఏరియన్ 5 తొలి ప్రయోగం 40 సెకన్లలోపే విఫలమైంది. అందుకు కారణమైన కోడ్‌ను ఏరియన్ 4 నుంచి యథాతథంగా తీసుకున్నారు. కోడ్ మారలేదు, రాకెట్ మారింది. కొత్త రాకెట్ అడ్డంగా కదిలే వేగం ఎక్కువ. ఆ పెద్ద విలువను 16 బిట్ల గడిలో ఇరికించబోయి లెక్క పొంగిపోయింది. ఏరియన్ 5 ప్రయాణపథంతో ఆ పరికరాన్ని ముందుగా పరీక్షించి ఉంటే తప్పు నేలమీదే దొరికేదని విచారణ సంఘం చెప్పింది. కాబట్టి ప్రశ్న రెండు ముక్కలు: ఏ కోడ్ మారింది? ఏ కోడ్ చుట్టూ ఉన్న లోకం మారింది?

రెండో గుర్తు, అంచు. తప్పులు నిబంధన మధ్యలో తక్కువ, సరిహద్దుల్లో ఎక్కువ. 2015 నవంబరులో వచ్చిన రైల్వే రీఫండ్ నిబంధనలే చూడండి. ఖరారైన టికెట్‌ను రైలు బయలుదేరడానికి 48 గంటల కంటే ముందు రద్దు చేస్తే ఒక రకం కోత. 48 నుంచి 12 గంటల మధ్య అయితే 25 శాతం. 12 నుంచి 4 గంటల మధ్య అయితే 50 శాతం. ఆ తర్వాత ఏమీ వచ్చేది కాదు. ముప్పై గంటల ముందు రద్దు చేసినవారి లెక్క తప్పడం అరుదు. సరిగ్గా 48 గంటలకు రద్దు చేసినవారు ఏ మెట్టులోకి వచ్చేవారు? రైలు రాత్రి 12 గంటల 5 నిమిషాలకు బయలుదేరేదైతే? 60 రోజుల గడువుకూ ఇదే వర్తిస్తుంది. న్యూఢిల్లీలో ఒకరోజు బయలుదేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటకు మరునాడు చేరుతుంది. కాజీపేటలో ఎక్కేవారికి 60 రోజులు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి? ఇరవై టెస్టుల్లో నాలుగైదు ఇక్కడే పెట్టాలి.

మూడో గుర్తు, ఇంతకు ముందు దెబ్బ తగిలిన చోటు. నార్మన్ ఫెంటన్, నిక్లాస్ ఓల్సన్ 2000లో ఒక టెలికాం వ్యవస్థ మీద ప్రచురించిన అధ్యయనంలో లోపాల్లో అధికభాగం కొద్ది మాడ్యూళ్లలోనే పోగుపడి కనిపించాయి. ఈ అధ్యయనంలో ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. విడుదలకు ముందు ఎక్కువ తప్పులు దొరికిన మాడ్యూళ్లు, విడుదలయ్యాక తప్పులు చూపినవి ఒకటే కాలేదు. ముందే ఎక్కువ తప్పులు దొరికినవి తర్వాత తక్కువ ఇబ్బంది పెట్టాయి. అంటే కార్యాలయంలో దొరికిన తప్పుల చిట్టా ఒక్కటే చాలదు. వాడేవారు చేసిన ఫిర్యాదుల చిట్టా కూడా కావాలి. రుజువైన ప్రతి ఫిర్యాదుకూ, కోడ్ సరిచేసే ముందే, ఆ తప్పును బయటపెట్టే టెస్టు ఒకటి రాయడం మంచి బృందాల అలవాటు. ఆ టెస్టు ముందు ఫెయిల్ కావాలి, సరిచేశాక పాస్ కావాలి. లేకపోతే అదే తప్పు ఆరు నెలల తర్వాత మళ్లీ తలుపు తడుతుంది.

నాలుగో ప్రశ్న, నిజానికి మొదటిది

మారిన చోటు, అంచు, పాత గాయం. ఈ మూడూ తప్పు ఎక్కడ ఉండవచ్చో చెబుతాయి. తప్పు ఉంటే ఏమవుతుందో చెప్పవు. నేను అన్నింటికంటే ముందు పెట్టమంటున్న ప్రశ్న అదే: ఈ చోట తప్పు జవాబు వస్తే నష్టం ఎవరికి, వాళ్లు దాన్ని తిరిగి రాబట్టుకోగలరా?

ఎందుకు ముందు పెట్టాలో తెలియాలంటే ఢిల్లీలోని సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తెలంగాణ రేషన్ కార్డుల విషయం చూడాలి. రాష్ట్రంలో కంప్యూటర్ విశ్లేషణ ఆధారంగా, ఇంటికి వెళ్లి విచారించకుండా కార్డులు రద్దు చేశారన్న పిటిషన్ మీద, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అనేక ప్రభుత్వ శాఖల సమాచారాన్ని కలిపి ఒక మనిషి పూర్తి చిత్రాన్ని తయారుచేసే సమగ్ర వేదిక అనే వ్యవస్థ గురించి అప్పటినుంచి పత్రికల్లో పరిశోధన కథనాలు వచ్చాయి. రిక్షా తొక్కి బతికిన మనిషిని, పేరు పోలిక వల్ల, కారు యజమానిగా లెక్కగట్టిన ఉదంతం వాటిలో ఒకటి. కారున్న ఇంటికి రేషన్ ఎందుకు అని యంత్రం తీర్మానించింది.

సాఫ్ట్‌వేర్ కోణంలో ఇది పేర్లు పోల్చే ఒక చిన్న భాగం. కవరేజ్ నివేదికలో వందల భాగాల్లో ఒకటి. దానికి రెండు రకాల తప్పులు సాధ్యం. ఇద్దరు వేర్వేరు మనుషులను ఒకరే అనుకోవడం, ఒకే మనిషిని ఇద్దరనుకోవడం. గణితంలో రెండూ తప్పులే, సమానమే. కానీ మొదటి తప్పుతో అర్హులైన ఇంటికి బియ్యం ఆగిపోతాయి. రెండో తప్పుతో అర్హత లేని ఇంటికి ఇంకొన్నాళ్లు బియ్యం అందుతాయి. ప్రభుత్వం రెండో నష్టాన్ని ఎప్పుడైనా సరిచేసుకోగలదు. మొదటిదాన్ని సరిచేయించుకోవాలంటే ఆ ఇంటివాళ్లు పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఈలోపు తినాల్సిన పూటలు తిరిగి రావు.

తెలుగునాట పేర్లు ఎలా ఉంటాయో తెలిసినవారెవరికైనా ఇక్కడ ఏ టెస్టులు రాయాలో వెంటనే తడుతుంది. ఇంటిపేరు ముందు రాసేవారు, వెనక రాసేవారు, పొడి అక్షరంతో సరిపెట్టేవారు. వెంకటేశ్వర్లు ఒక కార్డులో వెంకటేశ్వరరావు కావడం. సయ్యద్, మహ్మద్, షేక్ అని మొదలయ్యే పేర్లు ఒకే బస్తీలో పదుల సంఖ్యలో ఉండటం. తండ్రి పేరూ కొడుకు పేరూ ఒకటే కావడం. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన, మారని ఆడవాళ్లు. ఈ జాబితా ఏ కవరేజ్ పరికరమూ ఇవ్వదు. రేషన్ దుకాణం ముందు నిలబడ్డ మనిషి ఇస్తుంది.

అందుకే నా వరుస ఇది. ముందు, కాదు అని చెప్పే కోడ్, రద్దు చేసే కోడ్, డబ్బు కోసే కోడ్, చెరిపేసే కోడ్. వాటిలో ఈమధ్య మారినవి. మారినవాటిలో అంచులు. ఆ తర్వాతే మిగతావి. రైల్వే ఉత్తర్వుకు ఇదే వర్తింపజేస్తే మొదటి టెస్టు 60 అంకె మీద పడదు. అక్టోబరులో పాత లెక్కన టికెట్ తీసుకుని, నవంబరులో రద్దు చేసుకునే ప్రయాణికుడి మీద పడుతుంది. 61వ రోజుకు కొత్త టికెట్ పొరపాటున దొరికితే రైల్వేకు పెద్దగా పోయేదేమీ లేదు. చెల్లే టికెట్‌ను వ్యవస్థ గుర్తించకపోతే మాత్రం పెళ్లికి బయలుదేరిన కుటుంబం ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతుంది.

అభ్యంతరాలు

ఈ పద్ధతి వ్యక్తుల విచక్షణ మీద ఆధారపడుతుంది, శాతం అలా కాదు అని ఒక వాదన. నిజమే. టెండర్‌లో 80 శాతం అని రాయడం తేలిక, తనిఖీ చేయడమూ తేలిక. నష్టాన్ని బట్టి టెస్టులు రాశారా అన్నది తేల్చడం కష్టం. కానీ దీన్ని కొలవడానికి కూడా ఒక పాత పద్ధతి ఉంది. 1971లో రిచర్డ్ లిప్టన్ అనే విద్యార్థి ప్రతిపాదించగా 1978లో డెమిల్లో, లిప్టన్, సేవార్డ్ ప్రచురించిన ఆలోచన ఇది. కోడ్‌లో కావాలనే చిన్న తప్పు పెట్టాలి. కంటే ఎక్కువ అన్నచోట సమానం లేదా ఎక్కువ అని మార్చాలి, 48ని 47 చేయాలి. తర్వాత టెస్టులన్నీ నడపాలి. ఒక్క టెస్టూ కేకలు పెట్టకపోతే ఆ చోట కాపలా లేనట్టే. దీన్ని మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు. ప్రాజెక్టు మొత్తానికి చేస్తే ఖర్చెక్కువ. రద్దు చేసే, డబ్బు కోసే కోడ్‌కు మాత్రమే చేస్తే భరించదగిందే.

పాత కోడ్‌కు టెస్టులు రాయడమే అసాధ్యం, ఒకదానితో ఒకటి అల్లుకుపోయి ఉంటుంది అన్నది రెండో వాదన. ఇందులోనూ నిజం ఉంది. అలాంటి చోట సరైన జవాబేమిటో తేల్చే ముందు, ప్రస్తుతం ఏ జవాబు వస్తోందో రికార్డు చేసే టెస్టు రాయవచ్చు. మార్పు చేశాక ఏ జవాబులు మారాయో ఆ టెస్టులు చెబుతాయి. మారాల్సినవి మాత్రమే మారాయా అని మనిషి చూసుకుంటాడు. ప్రాజెక్టంతా ఇలా చేయనక్కర్లేదు. మేకు కొట్టబోయే గోడకు చేస్తే చాలు.

టెస్టులు ఎన్ని రాసినా అన్యాయం ఆగదు, అసలు విధానమే తప్పయితే ఏం చేస్తాం అన్నది మూడో వాదన. అన్నింటికంటే బలమైనది ఇదే. కార్డు రద్దు చేసే ముందు నోటీసు ఇవ్వాలి, ఇంటికి వెళ్లి చూడాలి, అప్పీలు వినాలి. ఇవి టెస్టుల పని కాదు, వాటికి టెస్టులు ప్రత్యామ్నాయమూ కావు. అయితే నష్టం ఎవరికి అని టెస్టు రాసేటప్పుడు అడిగే బృందం, విధానంలో నోటీసు లేదన్న సంగతిని కోడ్ విడుదలకు ముందే గమనించే అవకాశం ఎక్కువ. కార్డు రద్దయ్యాక కుటుంబానికి సమాచారం వెళ్లిందా అని టెస్టు రాయబోయినవారికి, సమాచారం పంపే కోడే లేదని అప్పుడు తెలుస్తుంది.

ఢిల్లీ చేయగలిగినవి

ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ నాణ్యతను పరీక్షించి ధ్రువీకరించే ఎస్‌టీక్యూసీ డైరెక్టరేట్ ఢిల్లీలోనే ఉంది. జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రం, క్రిస్ కూడా ఇక్కడివే. టెండర్లలో ఏం అడగాలో నిర్ణయించే మంత్రిత్వ శాఖలూ ఇక్కడివే. మూడు చిన్న మార్పులు ఇక్కడ మొదలైతే దేశమంతా పాకుతాయి.

ఒకటి, నిబంధన మార్చే ప్రతి ఉత్తర్వుతోపాటు ఉదాహరణల పట్టిక జతచేయాలి. పరిస్థితి ఇది, సరైన జవాబు ఇది అని పది ఇరవై వరుసలు చాలు. దాన్ని రాయాల్సింది ప్రోగ్రామర్ కాదు, నిబంధన రాసిన అధికారి. కాజీపేట ప్రయాణికుడి 60 రోజులు ఎక్కడ మొదలవుతాయో చెప్పాల్సింది ఆయనే. ఆ పట్టికే మొదటి టెస్టుల సముదాయం అవుతుంది. దాన్ని తెలుగుతో సహా భారతీయ భాషల్లో బయటపెడితే పౌరులు కూడా సరిచూసుకోగలరు.

రెండు, రుజువైన ప్రతి ఫిర్యాదుకూ ఒక టెస్టు ఉందని చూపించాలి. ఎన్ని ఫిర్యాదులు మూసివేశాం అన్న లెక్క కంటే, మూసివేసినవాటిలో ఎన్ని మళ్లీ రాకుండా టెస్టుగా మారాయన్న లెక్క ఎక్కువ చెబుతుంది.

మూడు, కవరేజ్ శాతాన్ని కనీస హద్దుగా ఉంచి, ధ్రువీకరణలో అసలు మార్కులను నిరాకరించే, రద్దు చేసే, కోత విధించే కోడ్‌లో కావాలని పెట్టిన తప్పులను టెస్టులు ఎన్ని పట్టాయన్నదానికి ఇవ్వాలి. వీలైన చోట కోడ్‌ను బయటపెడితే ఈ పని బయటివారూ చేయగలరు. 2020 మే 26న ఆరోగ్య సేతు ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను బహిరంగపరచి, తప్పులు చూపినవారికి బహుమతి ప్రకటించారు. తలుచుకుంటే సాధ్యమేనని ఆ ఉదాహరణ చెబుతోంది.

ఇదంతా ప్రభుత్వానికే పరిమితం కాదు. గురుగ్రామ్‌లో నలుగురు నడిపే చిన్న చెల్లింపుల యాప్‌కైనా ఇదే వర్తిస్తుంది. సోమవారం ఉదయం తర్వాతి టెస్టు ఎక్కడ రాయాలని కూర్చున్న ఇంజినీరు, కవరేజ్ నివేదికలో ఎర్రగా ఉన్న పంక్తిని తెరిచే ముందు ఐదు నిమిషాలు ఆగి ఒక కాగితం మీద రాసుకోవచ్చు: మన ప్రోగ్రామ్ ఎవరికి కాదని చెబుతుంది, ఎవరి డబ్బు పట్టుకుంటుంది, వాళ్లు మనకు ఫోన్ చేయగలరా. ఫోన్ చేయలేనివారి పేరు పక్కన ఏ కోడ్ ఉందో, తర్వాతి టెస్టు అక్కడ రాయాలి.